రాజమండ్రిలో ఏడాది పొడవునా ప్రభుత్వ, పౌర కార్యక్రమాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏప్రిల్ వస్తే ఇంటిపన్ను, జులై వస్తే గోదావరి నీటిమట్టం, దసరా దాటితే ఓటరు జాబితా. అడిగేవాళ్లు మారుతున్నారు గానీ ఏటా అడిగేది ఇవే సందేహాలు. అందుకే రాజమహేంద్రవరాన్ని మధ్యలో పెట్టుకుని, అవసరమైనచోట కోనసీమ, కాకినాడ, భీమవరం వైపు కూడా చూస్తూ, జనం అడిగే ప్రశ్నలను వాళ్ల మాటల్లోనే ఇక్కడ చేర్చాం. దేనికది విడిగా చదువుకోవచ్చు.

ఒక్క సంగతి ముందే చెప్పాలి. శంకుస్థాపనకీ, శకటాల ఊరేగింపుకీ జనం బాగానే వస్తారు. అంతకు ముందు ముసాయిదా పెట్టి "అభ్యంతరాలుంటే చెప్పండి" అని అడిగే కొద్ది రోజుల్లో మాత్రం ఆఫీసు వరండా ఖాళీగా ఉంటుంది. మన మాట పనిచేసేది ఆ కొద్ది రోజుల్లోనే. కనుక ఆ అవకాశం ఉన్న ప్రతిచోటా కాస్త ఎక్కువే రాశాం.

## ఏడాదంతా ఉండే పనులు

కార్పొరేటర్లు లేనప్పుడు నగరం తరఫున నిర్ణయాలు ఎవరు తీసుకుంటారండి?

ప్రత్యేకాధికారి. సాధారణంగా జిల్లా కలెక్టరే ఆ బాధ్యత చూస్తారు. పాలకమండలి చేయాల్సిన తీర్మానాలు ఆయన సంతకంతో నడుస్తాయి, రోజువారీ పని కమిషనర్ చేతిలో ఉంటుంది. 1866లో పురపాలక సంఘంగా మొదలైన రాజమండ్రి 1994లో నగరపాలక సంస్థ అయింది. 2014లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2019లో తీరిపోయింది. 2021 మార్చిలో రాష్ట్రంలోని చాలా నగరాల్లో ఎన్నికలు జరిగినా, చుట్టుపక్కల గ్రామాల విలీనంపై నడిచిన వివాదాల వల్ల ఇక్కడ జరగలేదు. ఎన్నికైన సభ్యుడుంటే వీధి చివర నిలబెట్టి అడగొచ్చు. ప్రత్యేకాధికారి పాలనలో ఆ వీలుండదు కాబట్టి నోటిమాటగా చెప్పి ఊరుకోకండి. కాగితం మీద రాసి ఇచ్చి, రసీదు తీసుకోండి.

జిల్లాలు విడిపోయాక మా పని ఏ కలెక్టరేటులో అవుతుంది?

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజమహేంద్రవరం తూర్పు గోదావరి జిల్లాకు కేంద్రమైంది. కాకినాడ వేరే జిల్లా అయింది, కోనసీమకు అమలాపురం కేంద్రం. ఏటికి అవతల పశ్చిమ గోదావరికి భీమవరం, ఏలూరు జిల్లాకు ఏలూరు. మీ అర్జీ మీరు ఉంటున్న మండలం ఏ జిల్లాలో ఉంటే అక్కడికే వెళ్లాలి. పొలం ఒక జిల్లాలో, ఇల్లు ఒక జిల్లాలో ఉన్నవాళ్లు మన దగ్గర చాలామందే. పొలం పనికి పొలం ఉన్న జిల్లా, రేషన్ కార్డు, పింఛను లాంటి వాటికి ఇల్లున్న జిల్లా.

సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకుంటారంట. ఎవరైనా వెళ్లొచ్చా?

ఎవరైనా వెళ్లొచ్చు. సిఫారసు అక్కర్లేదు, రుసుము లేదు. దీన్ని ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటున్నారు. 2019 నుంచి ఐదేళ్లు స్పందన పేరుతో నడిచింది కూడా ఇలాంటి కార్యక్రమమే. కలెక్టరేటులోనే కాదు, నగరపాలక సంస్థ కార్యాలయంలోనూ, డివిజన్, మండల స్థాయిలోనూ తీసుకుంటారు. కాలువ పూడిక, వీధి దీపం లాంటివైతే నేరుగా కార్పొరేషన్‌కే వెళ్లండి. కలెక్టరేటులో ఇచ్చినా చివరికి అక్కడికే చేరుతుంది, నాలుగు రోజులు వృథా అవుతాయి. రాలేనివాళ్లు 1100 నంబరుకు ఫోన్ చేసి చెప్పుకోవచ్చు. ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లో ఈ కార్యక్రమం ఆపేస్తారు.

అర్జీ పరిష్కరించేశామని మెసేజ్ వచ్చింది. మా వీధి కాలువ మాత్రం అలాగే ఉంది. ఏం చేయాలి?

కొత్త అర్జీ పెట్టకండి. పాత నంబరు మీదే మళ్లీ తెరవమని అడగండి. కొత్తది పెడితే పాతది పరిష్కారమైన లెక్కలోనే ఉండిపోతుంది, అధికారుల కాగితంలో అంతా సవ్యంగానే కనిపిస్తుంది. మళ్లీ తెరిచేటప్పుడు తేదీ కనిపించే ఫొటో, ఆ చోటు గుర్తుపట్టే ఆనవాలు (గుడి, బడి, కరెంటు స్తంభం నంబరు) జతచేయండి. వీధిలో పదిమంది సంతకాలు చేసిన ఒక్క అర్జీ, విడివిడిగా ఇచ్చిన పది అర్జీల కన్నా బాగా కదులుతుంది.

ఒకటో తారీఖు ఆదివారం వస్తే పింఛను ఎప్పుడిస్తారు?

మామూలుగా ఒక రోజు ముందే ఇస్తున్నారు. వృద్ధులకు, వితంతువులకు నెలకు రూ.4,000 చొప్పున 2024 జులై నుంచి గ్రామ, వార్డు సచివాలయ సిబ్బంది ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. ఆ రోజు ఊళ్లో లేకపోతే సచివాలయంలో ముందే చెప్పి ఉంచండి. ఈ సచివాలయాల వ్యవస్థ మొదలైంది కూడా మన డెల్టాలోనే, కాకినాడ దగ్గర కరపలో, 2019 అక్టోబరు 2న.

## ఏప్రిల్, మే: పన్నులు, కాలువల మూత

ఇంటిపన్ను ఏప్రిల్‌లోనే కడితే తగ్గుతుందంటున్నారు, నిజమేనా?

నిజమే. ఆ ఆర్థిక సంవత్సరపు పన్ను మొత్తం ఏప్రిల్ 30 లోపు ఒకేసారి కడితే 5 శాతం రాయితీ వస్తుంది. పాత బకాయి ఉంటే ముందు అది తీర్చాలి. పన్నును రెండు అర్ధ సంవత్సరాలుగా లెక్కేస్తారు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది, అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు అప్పు కన్నా ఇదే ఖరీదు. మార్చి నెలాఖరులో ప్రభుత్వం వడ్డీ తగ్గిస్తుందేమోనని ఎదురుచూసేవాళ్లు ఉన్నారు. 2025 మార్చిలో సగం వడ్డీ మాఫీ చేసిన మాట వాస్తవమే. అలాగని అది ఏటా వచ్చేది కాదు, దాన్ని నమ్ముకుని బకాయి పెట్టొద్దు.

మా ఇంట్లో ఒక్క ఇటుక కూడా కొత్తగా పెట్టలేదు. పన్ను మాత్రం ఏటా ఎందుకు పెరుగుతోంది?

లెక్క కట్టే పద్ధతి మారింది. పూర్వం ఇంటికి ఎంత అద్దె వస్తుందో అంచనా వేసి పన్ను వేసేవారు. 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి విలువ మీద వేస్తున్నారు, ఆ విలువను రిజిస్ట్రేషన్ల శాఖ ధరల నుంచి తీసుకుంటారు. కొత్త లెక్క ప్రకారం రావాల్సిన పన్ను పాతదాని కన్నా చాలా ఎక్కువైతే ఒకేసారి వేయరు, ఏడాదికి 15 శాతం మించకుండా పెంచుకుంటూ పోతారు. మీరు చూస్తున్నది ఆ మెట్లే. కొలతలు తప్పుగా రాసి ఉన్నా, సొంతానికి ఉంటున్న ఇంటిని వ్యాపారం కింద చూపినా నోటీసు అందిన వెంటనే, అందులో రాసిన గడువులోగా రివిజన్ పిటిషన్ వేయండి. గడువు దాటాక ఎంత న్యాయమైన మాట చెప్పినా వినిపించుకోవడం కష్టం.

చిన్న ఇల్లండి, రెండు గదులే. దానికీ అంత పన్నా?

375 చదరపు అడుగుల లోపు ఉండి, మీరే కాపురముంటున్న ఇల్లయితే ఏడాదికి రూ.50 మాత్రమే. మీ నోటీసులో అంతకు మించి వచ్చిందంటే కొలతో, వాడకమో తప్పు పడి ఉంటుంది. వార్డు సచివాలయంలో అడిగి కొలిపించుకోండి.

చెత్త పన్ను ఇంకా కట్టాలా?

అక్కర్లేదు. 2021లో మొదలైన ఆ వసూలును 2024 డిసెంబరు 31 నుంచి రద్దు చేశారు.

కాలువలు కట్టేస్తే మాకు మంచినీళ్లు ఎలా?

రాజమండ్రి నగరానికి నీళ్లు నేరుగా గోదావరి నుంచే తీసుకుంటారు కాబట్టి కాలువల మూతతో అంత ఇబ్బంది ఉండదు. కాకినాడ, భీమవరం, అమలాపురం వైపు పరిస్థితి వేరు. అక్కడ తాగునీటి చెరువులకు ఆధారం కాలువ నీళ్లే. దాళ్వా (రబీ వరి) పంట చేతికొచ్చే ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు, సార్వాకు (ఖరీఫ్ వరికి) మామూలుగా జూన్ మొదట్లో నీళ్లు వదులుతారు. ఈ మధ్య కాలమంతా చెరువులో నింపుకున్న నీళ్లతోనే గడవాలి. కనుక మీ ఊరి చెరువు నిండిందా లేదా అన్నది చూసుకోవాల్సింది కాలువ పారుతున్నప్పుడే. మే నెల మధ్యలో చెరువు అడుగంటాక ఆందోళన చేస్తే ట్యాంకర్లు వస్తాయి తప్ప చెరువు నిండదు.

కాలువలు మూసే తేదీ ఎవరు నిర్ణయిస్తారు? మా మాట వింటారా?

సాగునీటి సలహా మండలి సమావేశంలో తేదీలు ఖరారవుతాయి. కలెక్టర్, జలవనరుల శాఖ ఇంజినీర్లు, వ్యవసాయ శాఖ, ప్రజాప్రతినిధులు, రైతు ప్రతినిధులు కూర్చుంటారు. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడూ కలిపి దాదాపు పది లక్షల ఎకరాల సాగు ఈ తేదీల మీద ఆధారపడి ఉంది. దాళ్వా ఆలస్యంగా నాటినవాళ్లు ఇంకో వారం నీళ్లు కావాలంటారు. పూడిక తీయాల్సిన ఇంజినీర్లు వెంటనే కట్టేయాలంటారు. ఈ ఇద్దరి మధ్యా తేలే విషయం అది.

ఒక సామాన్య రైతు మాట అక్కడికి చేరేది నీటి సంఘం ద్వారానే. ఆ సంఘాలకు 2024 డిసెంబరులో ఎన్నికలు జరిగాయి. మీ సంఘం అధ్యక్షుడెవరో తెలుసుకుని, సమావేశానికి ముందే మీ బోదె (పొలాలకు నీరిచ్చే చిన్న కాలువ) పరిస్థితి రాసి ఇవ్వండి. మూసిన నెలన్నరలో ఏ కాలువలో గుర్రపుడెక్క తీస్తారు, ఏ లాకు బాగుచేస్తారు, ఏ షట్టరు మారుస్తారు అన్న జాబితా కూడా అడగండి. మా అభిప్రాయంలో డెల్టాలో ఏడాది మొత్తానికి అత్యంత ముఖ్యమైన ప్రభుత్వ సమావేశం ఇదే. పేపర్లో మాత్రం మూలన చిన్న వార్తగా వస్తుంది.

మే 15న ధవళేశ్వరంలో ఏం జరుగుతుంది?

సర్ ఆర్థర్ కాటన్ జయంతి. ఆయన 1803 మే 15న పుట్టారు. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట పూర్తి చేయించారు. ధవళేశ్వరంలోనూ, డెల్టా ఊళ్లలో ఆయన విగ్రహం ఉన్న చోటల్లా అధికారులు, రైతులు పూలమాలలు వేస్తారు. ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియం పిల్లలకు చూపించడానికి మంచి సందర్భం. ఏప్రిల్ 16న కందుకూరి వీరేశలింగం జయంతి కూడా నగరంలో అధికారికంగా జరుగుతుంది, తెలుగు నాటకరంగ దినోత్సవం అదే రోజు.

సముద్రంలో చేపల వేట ఎప్పటి నుంచి ఎప్పటి వరకు ఆపుతారు?

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ నిషేధం. ఏట్లో వేటకు ఇది వర్తించదు. వేట లేని ఈ రోజులకు మత్స్యకారులకిచ్చే భృతికి అర్హుల జాబితా నిషేధం మొదలైన రోజుల్లోనే పడవలను లెక్కించి తయారు చేస్తారు. ఆ రోజు పడవా, మనిషీ రేవులో ఉండాలి.

## జూన్ నుంచి సెప్టెంబరు: వరద రోజులు

ఒకటో నంబరు, రెండో నంబరు, మూడో నంబరు హెచ్చరిక అంటే ఏంటండి?

ధవళేశ్వరం బ్యారేజి దగ్గర నీటిమట్టాన్ని బట్టి ఇచ్చే హెచ్చరికలు. 11.75 అడుగులకు చేరితే మొదటిది, అప్పుడు సుమారు 10 లక్షల క్యూసెక్కులు (సెకనుకు ఇన్ని ఘనపుటడుగుల నీళ్లు) సముద్రంలోకి వెళ్తుంటాయి. 13.75 అడుగులకు రెండోది, సుమారు 13 లక్షలు. 17.75 అడుగులకు మూడోది, సుమారు 17 లక్షలు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా ఉన్న బ్యారేజికి మొత్తం 175 గేట్లు. మొదటి హెచ్చరికలోపే కోనసీమలో పల్లంగా ఉన్న కాజ్‌వేలు మునగడం మొదలవుతుంది. మూడోది వచ్చిందంటే లంకల్లో ఉన్నవాళ్లు ఇంకా ఆలోచిస్తూ కూర్చోకూడదు.

భద్రాచలంలో 43 అడుగులు అంటారు, ఇక్కడ 12 అడుగులు అంటారు. నీళ్లు తగ్గిపోయినట్టా?

కాదు. రెండు చోట్లా కొలబద్ద సున్నా ఒకే ఎత్తులో లేదు, ఏటి వెడల్పూ ఒకటి కాదు. భద్రాచలంలో హెచ్చరికలు 43, 48, 53 అడుగులకు ఇస్తారు. అక్కడి అడుగులను ఇక్కడి అడుగులతో పోల్చి కంగారు పడటం గానీ, నిశ్చింతగా ఉండటం గానీ రెండూ తప్పే. పోల్చాలంటే క్యూసెక్కులు చూడండి.

ఇంకో విషయం. శబరి వచ్చి కలిసేది కూనవరం దగ్గర, అంటే భద్రాచలానికి దిగువన. శబరి పొంగిన ఏడాది భద్రాచలం లెక్క ఒక్కటే చూస్తే మోసపోతాం. అక్కడ తగ్గుముఖం పట్టిందని వార్త వచ్చాక కూడా ఇక్కడ పెరుగుతూనే ఉంటుంది. అక్కడి పోటు ఇక్కడికి రావడానికి దాదాపు ఒక రోజు పడుతుందని లెక్కేసుకోండి.

ఇప్పటి వరకు వచ్చిన పెద్ద వరద ఏది?

మన తరం చూసినవాటిలో 1986 ఆగస్టుదే. భద్రాచలంలో 75.6 అడుగులు నమోదైంది, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఏటిగట్లు తెగి ఊళ్లు మునిగాయి. 2022 జులైలో భద్రాచలంలో 71.3 అడుగులకు వచ్చింది, ధవళేశ్వరంలో 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆగస్టులో రావాల్సిన పెద్ద వరద జులై మధ్యలోనే రావడం ఆ ఏడాది అందరినీ ఉలిక్కిపడేలా చేసింది. గట్ల మరమ్మతు జూన్ ముందే అయిపోవాలని పట్టుబట్టడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

ఏటిగట్టు బలంగానే ఉంది కదా, మరి నగరంలో ఇళ్లల్లోకి నీళ్లెందుకు వస్తున్నాయి?

అవి గోదావరి నీళ్లు కావు, మన వాన నీళ్లే. నగరంలోని మురుగు, వాన నీరు నల్లా ఛానల్, ఆవ ఛానల్ లాంటి పెద్ద డ్రెయిన్ల ద్వారా బయటకు పోవాలి. ఏరు నిండుగా ఉన్నప్పుడు తూములు తెరిస్తే నీళ్లు వెనక్కి తన్నుతాయి కాబట్టి మూసేస్తారు. అదే సమయంలో ఊళ్లో వాన పడితే ఆ నీరు ఎక్కడికీ పోలేక ఆర్యాపురం, తుమ్మలావ, కంబాలచెరువు లాంటి పల్లపు ప్రాంతాల్లో నిలిచిపోతుంది. మోటార్లు పెట్టి ఎత్తిపోయడం ఒక్కటే దారి.

అందుకని వేసవిలో అడగాల్సినవి రెండే: డ్రెయిన్ల పూడిక తీశారా, మోటార్లు పనిచేస్తున్నాయా. ప్లాస్టిక్ సంచులు, కొబ్బరి బొండాలు ఛానల్లో పడేసేది మనమే. ఆ భాగం మన చేతిలోనే ఉంది.

మాది ఏటి మధ్య లంక. అధికారులు ఖాళీ చేయమంటే ఎక్కడికి వెళ్లాలి? సామాన్ల సంగతేంటి?

బ్రిడ్జిలంక, కేతావారిలంక, వెదుర్లమ్మలంక లాంటి చోట్ల ఉన్న కుటుంబాలను పడవల మీద నగరంలోకి తెచ్చి, కల్యాణ మండపాలు, సత్రాలు, బడుల్లో ఉంచుతారు. భోజనం, మందులు అక్కడే. ఆధార్, బ్యాంకు పుస్తకం, భూమి కాగితాలు ఒక ప్లాస్టిక్ కవరులో కట్టి జూన్‌లోనే సిద్ధంగా పెట్టుకోండి. పశువులను మొదటి హెచ్చరిక రాకముందే గట్టు మీదకు తోలేయాలి. చీకటి పడ్డాక, ప్రవాహం పెరిగాక పశువుల కోసం వెనక్కి వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. పడవ పంపిన మొదటిసారే ఎక్కండి.

వరద తగ్గాక పంట నష్టం జాబితాలో మా పేరు లేదు. ఎవరినడగాలి?

నీళ్లు తీశాక వ్యవసాయ, రెవెన్యూ సిబ్బంది పొలాలు తిరిగి లెక్క రాస్తారు. పంట 33 శాతానికి మించి పోతేనే పెట్టుబడి సాయానికి లెక్కలోకి వస్తుంది. తర్వాత ముసాయిదా జాబితాను రైతు సేవా కేంద్రంలో అందరికీ కనిపించేలా పెట్టి అభ్యంతరాలు అడుగుతారు. కొద్ది రోజులే ఉంటుంది. జాబితా అంటించిన రోజే వెళ్లి చూడండి. కౌలు రైతులైతే పంట ఎవరి పేరున నమోదైందో మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. నమోదు భూయజమాని పేరున ఉంటే సాయం కూడా అటే పోతుంది, చెమటోడ్చినవాడికి ఏమీ మిగలదు.

ఆగస్టు 15 వేడుకకు మామూలు జనం వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. పరేడ్, శకటాలు, ఉత్తమ ఉద్యోగులకు ప్రశంసా పత్రాలు ఉంటాయి. ముఖ్య అతిథి చదివే ప్రసంగాన్ని శ్రద్ధగా వినండి. జిల్లాలో ఏ శాఖ ఎంత ఖర్చుపెట్టింది, ఎన్ని ఇళ్లు కట్టింది, ఎన్ని ఎకరాలకు నీళ్లిచ్చింది అన్న అంకెలన్నీ అందులోనే ఉంటాయి. జనవరి 26 ప్రసంగంతో పక్కపక్కన పెట్టి చదివితే ఐదు నెలల్లో ఏం కదిలిందో తెలుస్తుంది.

## అక్టోబరు నుంచి డిసెంబరు: ఓటు, తుఫాను, కార్తీకం

మా అమ్మాయికి పద్దెనిమిది నిండబోతున్నాయి. ఓటుకు జనవరి వరకు ఆగాలా?

ఆగక్కర్లేదు. జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1 అని ఏడాదికి నాలుగు అర్హత తేదీలున్నాయి. పదిహేడు నిండినవాళ్లు ముందుగానే ఫారం 6 ఇచ్చి ఉంచొచ్చు. ఇల్లు మారినా, పేరు తప్పు పడినా ఫారం 8. చనిపోయినవాళ్ల పేరు తీయించడానికి, ఎవరి పేరుపైనైనా అభ్యంతరానికి ఫారం 7. సందేహముంటే 1950కి ఫోన్ చేయండి. ముసాయిదా జాబితా వచ్చినప్పుడు మీ పేరే కాదు, ఇంటి నంబరు మీద ఇంకెవరి పేర్లు ఉన్నాయో కూడా చూడండి. పోలింగ్ రోజు బూత్ దగ్గర గొడవపడేవాళ్లలో చాలామంది ముసాయిదా చూడనివాళ్లే.

పోయినసారి శాసనమండలి పట్టభద్రుల ఎన్నికలో ఓటేశాను. మళ్లీ నమోదు ఎందుకు చేసుకోమంటున్నారు?

పట్టభద్రుల జాబితాను ప్రతి ఎన్నికకూ కొత్తగా తయారు చేస్తారు. పాతది పనికిరాదు. నవంబరు 1 నాటికి డిగ్రీ పూర్తయి మూడేళ్లు నిండి ఉండాలి, ఫారం 18 ఇవ్వాలి. ఉపాధ్యాయులకు ఫారం 19. ఉభయ గోదావరి పట్టభద్రుల స్థానానికి 2025 ఫిబ్రవరి 27న పోలింగ్ జరిగింది.

తుఫాను వస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి?

112, 1070, లేదా 1800 425 0101. ఈ మూడూ ఇంట్లో గోడ మీద రాసి పెట్టుకోండి. జిల్లా కంట్రోల్ రూము నంబరు ప్రతి తుఫానుకూ విడిగా ప్రకటిస్తారు. 1996 నవంబరు 6న కోనసీమను ఊడ్చేసిన తుఫానును చూసినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. కొబ్బరి తోటలకు తోటలే నేలకొరిగాయి, వందల ప్రాణాలు పోయాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు జనాన్ని ముందే శిబిరాలకు తరలించారు. గాలి ఒక్కసారిగా ఆగిపోతే తుఫాను పోయిందనుకుని బయటకు రావద్దు. కన్ను దాటాక అవతలి వైపు నుంచి అంతే జోరుగా కొడుతుంది.

కార్తీక మాసంలో ఘాట్ల దగ్గర ఏర్పాట్లు ఎవరివి?

దీపాలు, శుభ్రత, బట్టలు మార్చుకునే గదులు నగరపాలక సంస్థవి. రద్దీ, వాహనాలు పోలీసులవి. ఆలయాల పక్కనున్న చోట్ల దేవదాయ శాఖ కూడా కలుస్తుంది. కార్తీక సోమవారాలు, పౌర్ణమి నాడు పుష్కర ఘాటు, కోటిలింగాల ఘాటు కిక్కిరిసిపోతాయి. అరటి దొప్పల్లో దీపాలు వదలండి, థర్మాకోల్ వద్దు.

మూడో శనివారం ఊడ్చే కార్యక్రమం ఏంటది?

స్వర్ణాంధ్ర, స్వచ్ఛాంధ్ర పేరుతో 2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం జరుగుతోంది. ఒక్కో నెలకు ఒక్కో అంశం పెడతారు. ఫొటోలకు పరిమితం కాకూడదంటే కాలనీవాళ్లు ముందే తమ వీధిలో ఒక చెత్త దిబ్బను గుర్తించి, ఆ రోజు దాన్నే శుభ్రం చేయమని అడగాలి. 2025 జులైలో ప్రకటించిన స్వచ్ఛ సర్వేక్షణ్ పురస్కారాల్లో రాజమహేంద్రవరానికి రాష్ట్ర స్థాయి గుర్తింపు వచ్చింది. పారిశుద్ధ్య కార్మికుల కష్టానికి దక్కిన గౌరవమది.

## జనవరి నుంచి మార్చి: బడ్జెట్, జనగణన

కార్పొరేషన్ బడ్జెట్‌లో మా వీధి రోడ్డు ఎలా చేర్పించాలి?

మార్చిలో అడిగితే ఆలస్యమైనట్టే. ఆర్థిక సంవత్సరం మొదలయ్యేలోగా బడ్జెట్ ఆమోదం పొందాలి, అంచనాలు చలికాలంలోనే తయారవుతాయి. కాబట్టి నవంబరు, డిసెంబరులో ఇంజినీరింగ్ విభాగానికి రాసి ఇవ్వండి. రోడ్డు పొడవు, ఎన్ని ఇళ్లున్నాయి, పక్కన కాలువ ఉందా లేదా అన్నవి రాస్తే వాళ్ల పని తేలికవుతుంది. కాలువ లేకుండా రోడ్డు మాత్రం అడగకండి. రెండు వానాకాలాల్లో ఆ రోడ్డు పోతుంది, మళ్లీ అదే డబ్బు అదే చోట పోయాలి. ఆమోదం అయ్యాక బడ్జెట్ ప్రతి తీసుకుని మీ పని ఏ పద్దు కింద ఉందో చూసుకోండి.

జనగణన వాళ్లు వస్తే అన్నీ చెప్పాలా? పథకాలు పోతాయేమో?

పోవు. జనగణనలో చెప్పిన వ్యక్తిగత వివరాలు చట్టప్రకారం గోప్యం. ఇళ్ల జాబితా పని 2026 ఏప్రిల్, సెప్టెంబరు మధ్య, జనాభా లెక్కింపు 2027 ఫిబ్రవరిలో అని కేంద్రం ప్రకటించింది. 2011 తర్వాత ఇదే మొదటిది. నగరానికి వచ్చే నిధులు, డివిజన్ల హద్దులు, రిజర్వేషన్లు అన్నీ ఈ లెక్కలను పట్టుకునే నడుస్తాయి. ఇంట్లో ఆరుగురుంటే ఆరుగురినీ రాయించండి.

## పుష్కరాల సన్నాహాలు

2027 పుష్కరాల పనుల్లో మా ఇల్లు రోడ్డు విస్తరణలో పోతుందంటున్నారు. ముందు ఏం చూడాలి?

గోడ మీద ఎర్ర గీత గీసినంత మాత్రాన ఇల్లు పోయినట్టు కాదు. రాతపూర్వకమైన నోటీసు రావాలి. ఎంత స్థలం, ఏ సర్వే నంబరు, పరిహారం డబ్బుగానా, టీడీఆర్ బాండుగానా (ఇచ్చిన స్థలానికి బదులుగా అదనంగా కట్టుకునే హక్కు పత్రం) అన్నది అందులో చూసుకోండి. అభ్యంతరం నోటీసు గడువులోనే రాతపూర్వకంగా ఇవ్వండి. ఖాళీ కాగితాల మీద, అంగీకార పత్రాల మీద చదవకుండా సంతకం పెట్టొద్దు.

అఖండ గోదావరి ప్రాజెక్టు అంటే ఏమిటి?

రాజమండ్రి చుట్టుపక్కల పర్యాటకాన్ని పెంచే పథకం. 2025 జూన్ 26న రూ.94.44 కోట్ల పనులకు శంకుస్థాపన జరిగింది. 1997లో రైళ్లు ఆగిపోయిన హేవలాక్ వంతెన, పుష్కర ఘాటు, కడియం నర్సరీలు ఇందులో ఉన్నాయి.

2015లో జరిగిన లాంటి తొక్కిసలాట మళ్లీ జరగకుండా మనమేం చేయగలం?

2015 జులై 14, పుష్కరాల మొదటి రోజు ఉదయం పుష్కర ఘాటు దగ్గర పాతికమందికి పైగా ప్రాణాలు పోయాయి. నగరంలో ఎన్నో రేవులుండగా జనమంతా ఒకే ఘాటుకు, ఒకే రోజు, ఒకే ముహూర్తానికి చేరడం అందులో పెద్ద కారణం. పుష్కరం పన్నెండు రోజులుంటుంది. ఏ రోజు మునిగినా, ఏ రేవులో మునిగినా అదే గోదావరి. బంధువులు ఊళ్ల నుంచి వస్తే మొదటి రోజుకు రమ్మనకండి. కోటిలింగాల ఘాటుకో, దూరంగా ఉన్న ఇంకో రేవుకో తీసుకెళ్లండి. పెద్దవాళ్లు, పసిపిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి.

అధికారులను అడగాల్సింది కూడా ఉంది: ప్రతి ఘాటుకూ లోపలికి వచ్చే దారి, బయటకు పోయే దారి వేరుగా ఉన్నాయా, ఎంతమంది పడతారో లెక్క కట్టారా, ఆ లెక్క దాటితే ఎక్కడ ఆపుతారు. ఈ మూడింటికీ రాతపూర్వకమైన జవాబు పుష్కరాలకు చాలా ముందే నగర ప్రజల చేతిలో ఉండాలి.

ఆ జవాబులు అడిగితే ఎవరూ ఇవ్వకపోతే?

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయాల్లో రుసుము లేదు, మండల స్థాయిలో రూ.5, మిగతాచోట్ల రూ.10. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకు అదీ లేదు. 30 రోజుల్లో సమాధానం రావాలి, రాకపోతే అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు. "ఎందుకు చేయలేదు" అని రాస్తే తోసిపుచ్చే వీలుంది. "ఫలానా ఘాటు రద్దీ నియంత్రణ ప్రణాళిక ప్రతి ఇవ్వండి" అని కాగితం పేరు పెట్టి అడగండి.